తొడ మీద కుట్టిన కుచ్చులు

బొంతలకు గుడ్డ మడిచి కుచ్చుల అంచు కుట్టడంలో పేరుపడ్డవాడు గనక వీధిలో అందరికీ ఆయన కుచ్చుల మేస్త్రి. సూది పట్టుకుంటే చాలు, మనిషి కుదురుగా ఉంటాడు. ఆ రోజు మాత్రం సూది చేతిలో ఉన్నా ఒంట్లో చీమలు పాకుతున్నట్టే ఉంది. కారణం చెల్లెలు.

చెల్లెలితో ఏళ్ళుగా మాటల్లేవు. ఆస్తి గొడవేమీ కాదు. ఆవిడ కుట్టిన బొంతను మేస్త్రి ఆవిడ అత్తవారి ముందే విప్పి చూసి, ఈ కుచ్చులు ఎలుక కొరికినట్టున్నాయన్నాడు. నలుగురూ నవ్వారు, ఆవిడ నవ్వలేదు. ఇప్పుడు ఆవిడకి పాప పుట్టింది. వేరే ఊరికి కాపురం మారుస్తూ, దారిలో ఒక్క నిమిషం ఆగుతానని కబురు పెట్టింది. అదీ వదినకే, అన్నకి కాదు. అయినా మేస్త్రి పాపకోసం బొంత మొదలుపెట్టాడు.

అంచు చివర కొంచెం మిగిలింది. మడత మీద మడత పడిన చోట సూది ఓ పట్టాన దిగదు, గట్టిగా పొడవాలి. అడుగున చెక్క పెట్టుకోమని భార్య ఎప్పుడూ పోరుతుంది. ఆయనకి చెక్క నామోషీ, తొడ మీదే కుడతాడు. ఏ బండి చప్పుడైనా మెడ సాచి చూడటం, చూస్తూనే ఇంకో కుచ్చు కుట్టడం. ఒకసారి తొడ చురుక్కుమంది. ఈ పనిలో అవి మామూలేనని పట్టించుకోలేదు.

బండి ఆగింది. చెల్లెలు పాపను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. మేస్త్రి ఆత్రంగా లేవబోయాడు. ఆయనతోపాటు బొంతా లేచింది. అరచేయంత మేర ప్యాంటును కలిపి కుట్టేసుకున్నాడు. గబుక్కున చతికిలబడి, ఏమీ ఎరగనట్టు బొంత సర్దుకున్నాడు. సిగ్గుతో తల కూడా ఎత్తలేదు.

వదిన లోపలికి రమ్మని బతిమాలుతోంది. చెల్లెలు చూపు మాత్రం కూర్చునే ఉన్న అన్న మీద. ఆవిడ ముఖం మాడిపోయింది.

"ఉండనీ వదినా. లేవడానికే మనసొప్పని మనిషి ఇంట్లో నేనెందుకు కూర్చోవాలి?" అని వెనక్కి తిరిగింది.

బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఇక లాభం లేదని మేస్త్రి లేచి రెండడుగులు వేశాడు. బొంత తొడకు వేలాడుతూ నేలంతా తుడుచుకుంటూ వచ్చింది.

"మనసొప్పక కాదే," అన్నాడు నేలచూపులు చూస్తూ. "నన్ను నేను కుట్టేసుకున్నాను."

చెల్లెలు పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకోవాలనే చూసింది. కానీ వదిన అప్పటికే గోడకానుకుని పడీపడీ నవ్వుతోంది. పాపను వదిన చేతుల్లో పెట్టి, చెల్లెలు ఆయన ముందు గొంతుక్కూర్చుంది. కుట్టు విప్పేయమనీ, మళ్ళీ వేస్తాననీ మేస్త్రి కత్తెర అందించాడు. ఆవిడ కుచ్చుల వెంట వేలు పోనిచ్చింది.

"నా కూతురి బొంత ఇది. ఒక్క కుచ్చు కూడా విప్పనివ్వను. కదలకు అన్నయ్యా," అని ప్యాంటునే కుట్టు చుట్టూ కత్తిరించింది.

కాఫీరంగు ప్యాంటుగుడ్డ అతుకుతో సహా బొంత బండెక్కింది. మేస్త్రి ఒక చేత్తో తొడ దగ్గరి చిల్లు మూసుకుని, రెండో చేత్తో పాప పాదం పట్టుకుని బండిదాకా నడిచాడు. పాదం వదిలితేగానీ తలుపు పడదని డ్రైవరు చెప్పాల్సివచ్చింది.