కింది మేకుకు తగిలించిన బిళ్ళ

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ పెరట్లో ఒక విమానం ఉండేది...

నిజం విమానమే. ఇనుప పైపులు, గుడ్డ రెక్కలు, ఒకే సీటు, ముందు చెక్కతో చేసిన పంకా. బొగ్గుబాయి వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసే యాకోబు కాక దాన్ని నాలుగేళ్లు కూర్చుని తయారు చేశాడు. రెక్కల గుడ్డ కుట్టింది ఆయన భార్య సుగుణమ్మ చిన్నమ్మ. వాళ్లకు పిల్లలు లేరు. నాకప్పుడు పదేళ్లు... బడి వదిలితే వాళ్లింట్లోనే ఉండేదాన్ని.

కాక దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ఎక్కడెక్కడో చిన్న విమానాలు చేసిన వాళ్ల చరిత్ర పాత పత్రికల్లో వెతికి అందులో రాసుకునేవాడు. వడ్రంగం చేసే అన్నదమ్ములు రెండు చేసి కొట్టు మూసేశారు... పడవలు చేసే ఒకాయన ఒక్కటే చేసి, దానిలోనే పోయాడు... మనిషికో పేజీ. ప్రతి పేజీ చివర రెండే వరసలు. చేసినవి ఎన్ని? చివరికి ఏమైంది?

"పెద్ద కంపెనీల పేర్లు అందరికీ ఎరుకే బిడ్డా. షెడ్డుల ఒకటో రెండో చేసినోళ్లను ఎవలు యాది చేస్తరు?" అనేవాడు.

"మరి నీ పేజీ ఏది కాకా?"

"ఆఖరుది. ఇంక రాయలే."

కుట్టుమిషను దగ్గరనుంచి చిన్నమ్మ అందుకునేది. "రాయి రాయి... పెండ్లాం చీరెలు చింపి రెక్కలు చేసిండని సుత రాయి!"

బాయిలో దిగే ప్రతి మనిషికీ నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఉంటుంది కదా. బోర్డు మీద బిళ్ళను చూసి ఎవరు లోపలున్నారో, ఎవరు బయటికొచ్చారో చెబుతారు. కాక ఆ పద్ధతే ఇంట్లోనూ పెట్టాడు. పెరటి తలుపుకు రెండు మేకులు కొట్టాడు. గాల్లోకి లేస్తే బిళ్ళ పై మేకుకు, నేల మీదికి దిగితే కింది మేకుకు. బిళ్ళ పైన ఉన్నంతసేపూ చిన్నమ్మ ముద్ద ముట్టేది కాదు, ఎవరికీ వడ్డించేది కాదు.

బిళ్ళ మార్చే పని నాది. కాక నాకు ఒక్కటే చెప్పాడు.

"కండ్లతోని సూడంది మార్చొద్దు. చప్పుడును నమ్మొద్దు."

ఆదివారం ప్రార్థన అయ్యాక మట్టిగుట్ట పక్క మైదానంలో కాక కొంచెం ఎత్తు లేచి దిగుతుండేవాడు. పెరటి గోడ దగ్గర నిలబడితే అంతా కనిపించేది. ఒక ఆదివారం మాత్రం గుట్ట దాటి గోదావరి వైపు పోయాడు. చప్పుడు సన్నగిల్లి... ఆగిపోయింది.

నేను తలుపు దగ్గరే కూర్చున్నాను. లోపల మాంసం కూర వాసన. కడుపు కాలుతోంది. చాలాసేపటికి చప్పుడు మళ్లీ వినిపించింది. మా ఇంటి మీదినుంచే, ఎంతో కిందుగా... గూట్లో గిన్నెలు అదిరాయి. చిన్నమ్మ తలెత్తింది.

నేను గోడ దాకా పోలేదు. బిళ్ళ తీసి కింది మేకుకు తగిలించాను.

"చిన్నమ్మా, కాక దిగిండు."

"సూసినవా?"

"సూసిన."

చిన్నమ్మ మూడు కంచాలు పెట్టింది. మా ఇద్దరి కంచాలు ఖాళీ అయ్యాయి. మూడో కంచంలో అన్నం చల్లారిపోయింది. పొద్దు వాలాక మనుషులు వెతకడానికి పోయారు.

గోదావరి ఇసుకలో విమానం నిలబడి ఉంది. రెక్క కూడా చిరగలేదు. సీట్లో కాక లేడు. ఇసుకలో చక్రాల గీతలున్నాయి కానీ చుట్టూ ఎక్కడా అడుగు జాడ లేదు. ఇంజను పొద్దున్నించీ తిరగనట్టు చల్లగా ఉందట. మా ఇంటి మీదినుంచి పోయిన ఆ చప్పుడు వాడలో మరెవరూ వినలేదట...

నదిలో ఎన్నో రోజులు గాలించారు. ఏమీ దొరకలేదు. నేను నిజం చెప్పి ఉంటే మధ్యాహ్నమే వెతికేవాళ్లు. ఎవరు అడిగినా "సూసిన" అన్నాను. చిన్నమ్మ ఎవరొచ్చినా ఒకటే మాట... "బిళ్ళ కిందనే ఉన్నది గద. వచ్చిండు." అప్పటినుంచి ప్రతి ఆదివారం రెండు కంచాలు... తనకొకటి, కాకకొకటి.

నలభై ఏళ్లు ప్రార్థనలో ఎన్నో తప్పులు ఒప్పుకున్నాను. ఈ ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు.

క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు చిన్నమ్మ ఆ తలుపు చెక్కను బిళ్ళతో సహా కిరాయి ఇంటికి తెచ్చుకుంది. మొన్న ఆదివారం చూడ్డానికి పోయాను. ఓపెన్‌కాస్టు గని సర్వే డ్రోన్ ఇంటి మీదినుంచి పోయింది. ఎనభై దాటిన చిన్నమ్మ అచ్చం ఆ రోజులాగే తలెత్తింది. నాకు దుఃఖం ఆగలేదు.

"చిన్నమ్మా... ఆ దినం నేను సూడలే. ఆకలైతుందని బిళ్ళ మార్చిన."

"నాకు ఎరుకే బిడ్డా. నువ్వు గోడ దిక్కు పోనే పోలే."

"మరి ఇన్నేండ్లు ఒక్క మాటన్నా అనలేదేంది?"

"ఎందుకనాలె? నువ్వు మార్చినంకనే గద ఆయన వచ్చిండు. మార్చకుంటే ఇంకా పైననే తిరుగుతుండేటోడు."

తర్వాత ఎదురుగా ఉన్న ఖాళీ పీట వైపు తిరిగి, మెల్లగా అంది...

"పిల్ల వచ్చింది. కాళ్లు కడుక్కోని కూసో."

నేను తల దించుకున్నాను. అప్పుడే ఊడ్చిన ఇల్లు. ఆ పీట ముందు మాత్రం సన్నటి ఇసుక...

వచ్చేటప్పుడు నోటుబుక్కు నా చేతిలో పెట్టి, ఆఖరు పేజీ నన్నే రాయమంది. 'చేసినవి: ఒకటి' అని రాశాను. రెండో వరస దగ్గర వారం నుంచి కలం ఆగిపోయి ఉంది.

ఇప్పుడు మా ఊరి మీద రోజూ ఏదో ఒకటి ఎగురుతూనే ఉంది. ఎవరూ తలెత్తి చూడరు. నేను మాత్రం ప్రతిసారీ బయటికి పోయి, అది దిగేదాకా నిలబడుతున్నాను...

మీ వాడలో కూడా షెడ్డులో ఒంటరిగా ఏదో చేసిన మనిషి ఉండే ఉంటాడు. ఆయన పేరు దీని కింద రాయండి. చివరికి ఏమైందో మాత్రం... మీ కళ్లతో చూసి ఉంటేనే రాయండి.