కింది నుంచి కోసిన కథ

శామీర్‌పేట నుంచి ఒక మాజీ హవల్దారు మా పత్రిక ఆఫీసుకు వచ్చేనాటికి నేను ఆదివారం అనుబంధంలో కథల పేజీ చూస్తున్నాను. తొంభైల చివరి రోజులు. ఆయన సైన్యంలో సరుకుల విభాగంలో పనిచేశాడు. రూళ్ల కాగితాల మీద బాల్‌పెన్నుతో రాసిన కథను నా బల్ల మీద పెట్టాడు. ఎవరూ మెచ్చుకోకపోయినా ఫరవాలేదన్నాడు.

"మేడ్చల్‌ల ఒకడున్నడు సార్. పిండిగిర్ని నడుపుతడు. గీ కథ ఆడొక్కడు సదివితె సాలు. ఆదివారం మీ పేపర్ ఇడువడు గని, నాతోని మాట్లాడుడు ఎప్పుడో ఇడిసిపెట్టిండు."

ఇద్దరూ ఒకే పటాలంలో చేశారట. ఒక చలికాలం మంచు కొండల్లో దారి మూసుకుపోయి, పై చౌకీలో కాపలా ఉన్న మేడ్చల్ మనిషికి కిరసనాయిలు అందలేదు. రెండు కాలివేళ్లు పోయాయి. ఆ నూనెను ఈయన అఫ్సర్ల గది వెచ్చబెట్టడానికి ఇచ్చేశాడని అతని నమ్మకం.

కథలో యుద్ధం కల్పితం. దేశాలకు పేర్లు లేవు. శత్రువు వంతెన పేల్చేస్తే నది అవతల ఒక దళం చిక్కుకుంటుంది. తుపాకులు మోగేది ఒక్క పేజీలోనే, మిగతాదంతా సరుకుల గొడవ. మంచు కరిగిస్తే తప్ప తాగడానికి నీళ్లు లేవు. కరిగించడానికి కిరసనాయిలు కావాలి. దాన్ని మోసే కంచరగాడిదలకు దాణా లేదు, పరుపుల్లో గడ్డి విప్పి పెడుతున్నారు. గాడిద ఎక్కలేని చోటికి మనిషే మోయాలి. రానూపోనూ అతను తాగే నీళ్లకే డబ్బాలో పావువంతు కాలిపోతుంది. చదువుతుంటే నాకు దాహం వేసింది.

శుక్రవారం పేజీ కట్టే వేళకు ఒక ప్రకటన వచ్చి పడింది. కథలో ముప్ఫై లైన్లు తగ్గాలి. ముఖ్యమైనది పైన ఉంటుంది, చోటు చాలకపోతే కింది నుంచి కోయండి అని వార్తల బల్ల దగ్గర మాకు మొదటి రోజే నేర్పారు. ఏళ్ల తరబడి అలవాటైన చెయ్యి, ఇది కథ అని కూడా ఆగలేదు. చివరి రెండు పేరాలు తీసేశాను. పై చౌకీకి డబ్బా చేరలేదన్న వాక్యం దగ్గర కథ ముగిసింది. ముగింపు బిగువుగా కుదిరిందని కూడా అనుకున్నాను.

సోమవారం ఆయన పత్రిక పట్టుకుని వచ్చాడు. కథలోని సరుకుల హవల్దారు ఆఖరి డబ్బాను గాయపడ్డవాళ్ల డేరాకు ఇచ్చేస్తాడు. ఆ సంగతి పైవాళ్లకు కబురు చేయడానికి మొహం చెల్లక ఊరుకుంటాడు. ఇచ్చినందుకు కాదు, ఊరుకున్నందుకు క్షమించమంటాడు. అదంతా ఆ రెండు పేరాల్లో ఉంది.

"మాఫీ అడిగిన మాటనే కోసిండ్రు సార్," అన్నాడు. గొంతులో కోపం లేదు.

మిగిలింది వచ్చేవారం వేస్తానని వెతికాను. కంపోజింగ్ అయిపోయిన ఆయన చేతిరాత కాగితాలు అప్పటికే చెత్తలోకి పోయాయి. కంప్యూటర్లో కోసిన కథే ఉంది. ఆయన దగ్గర నకలు లేదు. మళ్లీ రాయమంటే, మూడేళ్లు పట్టిందన్నాడు. పోనీ మీరే వెళ్లి చెప్పరాదా అన్నాను.

"నోటితోని సెప్పొస్తె రాసుడెందుకు సార్."

ఆ వారంలోనే నేను మేడ్చల్ వెళ్లాను. గిర్నిలో జొన్నలు పడుతున్నారు. గిర్ని మనిషి కథ చదివాడు. డబ్బా రాలేదని తనకెరుక లేదా, అది పేపర్లో వేయాలా అని అడిగాడు. నేను కోసేసిన భాగాన్ని గుర్తున్నంతవరకు చెప్పాను. మోటారు ఆపి విన్నాడు. గాయపడ్డవాళ్ల డేరా మాట వచ్చినప్పుడు తల కూడా ఊపాడు. తర్వాత చేతుల పిండి దులుపుకున్నాడు.

"గిది ఆడు రాసిండా, మీరు సెప్తున్నరా?"

ఆయనే రాశాడన్నాను. కాగితం చూపమన్నాడు. నా దగ్గర లేదన్నాను.

అతను మోటారు స్విచ్ వేశాడు. వరుసలో నిలబడ్డ ఒకామె తన డబ్బాలోని జొన్నలు గిర్నిలో పోసింది.