పలికితేనే పలక

మా గురుస్వామి మామ ఏ వస్తువునైనా వేలి కణుపుతో కొట్టి, చెవి ఒగ్గి వింటాడు. అది పలికితేనే నమ్ముతాడు. కంటితో చూసింది ఆయన లెక్కలో చూసినట్టే కాదు. పుచ్చకాయను అందరూ కొట్టి కొంటారు, మా మామ వంకాయను కూడా కొడతాడు. మార్కాపురం కూరగాయల మార్కెట్టులో ఆయన అడుగు పెడితే చాలు, గంపల ముందు కూర్చున్న ఆడవాళ్ళు "వచ్చినాడమ్మా వాయించే ఆయన" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్ళు.

ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, వృత్తితో అంటుకున్నది. మామ ముప్పై నాలుగేళ్ళు పలకల ఫ్యాక్టరీలో మంచివీ చెడ్డవీ ఏరే పని చేశాడు. కోసి, నున్నగా రుద్దిన రాతిపలకలు ఆయన ముందు దొంతరలుగా వచ్చి పడేవి. ఒక్కోదాన్ని రెండు వేళ్ళతో వేలాడదీసి కణుపుతో ఒక్కటిచ్చేవాడు. టంగుమంటే అది చెక్క చట్రానికి పోయేది. బొద్దుమంటే లోపల ఎక్కడో కంటికి కనపడని పగులు ఉన్నట్టు, పక్కన పడేసేవాడు. "పలికితేనే పలక అల్లుడా, పలకనిది ఉత్త రాయి. దానికి ఆ పేరు అందుకే వచ్చినాది" అనేవాడు. పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ మాటకు అదే అర్థం.

ఆయన మా అమ్మకు వరసకు అన్న. మా వెనక వీధిలోనే ఉంటాడు. ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు మా వీధి పిల్లలందరికీ ఆయనే పలకలు తెచ్చేవాడు. మమ్మల్ని అరుగు ముందు వరసగా నిలబెట్టి, ఎవరి పలక వాళ్ళ చెవి దగ్గర పెట్టి కొట్టి, "విన్నావా? ఇది నీది" అని చేతికిచ్చేవాడు. అదే ఊపులో అదే కణుపుతో నెత్తిన కూడా ఒకటిచ్చి, "ఇదేంది, బొద్దుమంటుండాది? ఎనిమిదో ఎక్కం రానట్టుందే" అనేవాడు. నాకు ఎనిమిదో ఎక్కం నిజంగానే రాదు. బలపం కీచుమనే చప్పుడు, తడిగుడ్డతో తుడిచిన పలక వాసన తలుచుకుంటే ఈ యాభై రెండో ఏట కూడా నాకు ప్రాణం లేచి వస్తుంది. ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. పిల్లల చేతుల్లోకి నోటుపుస్తకాలు వచ్చాయి, తర్వాత ఫోన్లు వచ్చాయి. మామ కణుపు మాత్రం రిటైరవలేదు.

కూతురు శ్రీదేవికి పెళ్ళి చేసేటప్పుడు ముండ్లమూరు వైపు నుంచి ఒక మంచి సంబంధం వచ్చింది. వాళ్ళు కొత్త బీరువా చూపించి గొప్పలు చెబుతుంటే మామ లేచి పోయి దాన్ని రెండు దెబ్బలు కొట్టాడు. "ఉత్త బోలు. బీరువా బోలు, మాటలు బోలు" అని చెప్పులు వేసుకుని వచ్చేశాడు. గిద్దలూరు నుంచి సురేష్ పెళ్ళిచూపులకు వస్తే, ఆ పిల్లవాడు దండం పెట్టడానికి వంగినప్పుడు వీపు మీద టకటకా రెండు కొట్టి, "పలికినాడు, ముహూర్తం పెట్టండి" అన్నాడు. ఇరవై ఏళ్ళయినా సురేష్ అత్తగారింటికి వస్తే ముందు సంచి కింద పెడతాడు, తర్వాత వెనక్కి తిరిగి నిలబడతాడు.

ఒకసారి దగ్గొస్తుంటే నేనే ఆయన్ను డాక్టరు దగ్గరకు తీసుకుపోయాను. డాక్టరు అందరికీ చూసినట్టే వీపు మీద చెయ్యి ఆనించి, దాని మీద వేలితో టకటకా కొట్టి చూశాడు. మామ మొహం వెలిగిపోయింది.

"డాక్టరుగారూ, మీరు ఏ ఫ్యాక్టరీలో చేసినారు?"

"ఫ్యాక్టరీ ఏంటి?"

"ఏం లేదు లెండి. ఎడంపక్క ఇంకోసారి కొట్టండి. కొంచెం బొద్దుగా పలికినట్టుండాది."

డాక్టరు ఇంకోసారి కొట్టి, నిజంగానే ఆ పక్క నెమ్ము ఉందని మందు రాశాడు. ఆ రోజు నుంచి మామను పట్టుకోవడం ఎవరితరమూ కాలేదు.

ఇలాంటి మనిషికి చేతి గడియారం గండం వచ్చిపడింది. అత్త యల్లమ్మ పోయినప్పటి నుంచి మామ ఒక్కడే ఉంటాడు. పొద్దున్నే ఐదింటికి లేచి ఊళ్ళో ఒక చుట్టు నడిచి వస్తాడు. ఫోను మాత్రం తీసుకుపోడు. మొన్న వానాకాలంలో అలా నడుస్తూ, షుగరు పడిపోయి, కళ్ళు తిరిగి ఒక కల్వర్టు మీద రెండు గంటలు కూర్చుండిపోయాడు. ఇంట్లో బియ్యం డబ్బా మీద ఆయన ఫోను పదిహేడుసార్లు మోగి ఊరుకుంది. మరునాడు శ్రీదేవి, సురేష్ గిద్దలూరు నుంచి మొదటి బస్సుకే దిగారు.

"నాయనా, ఫోను తీసుకొని పోతావా, నాతో గిద్దలూరు వస్తావా?"

"ఫోను మోగితే నా చెవికి ఇంకేం వినపడదు. తీసుకపోను."

"అయితే గిద్దలూరు రా. మేడ మీద గది కడిగి పెట్టినా."

"నా నడక యాడ నడవాల అమ్మా?"

"మేడ మీద నడువు."

మామ నోరు మూసుకున్నాడు. ఆయన అలా నోరు మూసుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఊరు విడవడమంటే ఇష్టం లేదనుకున్నానే గానీ, అసలు సంగతి నాకూ తెలియదు. మధ్యేమార్గంగా సురేష్, ఫోను లేకపోయినా మాట్లాడే వాచీలు వచ్చాయి కదా అన్నాడు. అందరం కలిసి హరికృష్ణ సెల్లు దుకాణానికి పోయాం.

హరికృష్ణ రెండు వాచీలు బల్ల మీద పెట్టాడు. "ఇది బ్లూటూతుది పెద్దాయనా. ఫోను దగ్గర ఉంటేనే దీంట్లో కాలొస్తాది. ఇంకోటి సిమ్ము వాచీ. ఫోను ఇంట్లో పెట్టి పోయినా టవరుంటే చాలు, సొంతంగా మాట్లాడతాది."

"అంటే అది అమ్మ కొంగు పట్టుకొని తిరిగే బిడ్డ, ఇది వేరుకాపురం పెట్టిన కొడుకు."

"అట్లే అనుకోండి."

"వేరుకాపురానికి నెలనెలా ఖర్చు?"

"ఉంటాది. సిమ్ముకు వేరేగా కట్టాల."

"అనుకున్నాలే. వేరుపడినోడు చెయ్యి చాపకుండా ఉంటాడా! సిమ్ము యాడ పెడతారు?"

"పెట్టేది లేదు. లోపలే ఉంటాది, కనపడదు."

"అడవి పక్కకు పోతే?"

"టవరు లేని చోట ఏదీ పలకదు పెద్దాయనా. ఇంకోటి, రోజూ చార్జింగు పెట్టాల."

ఈ చివరి మాటతో బేరం చెడుతుందనుకున్నాను. మామ తల ఊపాడు. "అదేం తప్పు కాదు. మా నాయన వాచీకి రోజూ పొద్దున్నే కీ ఇచ్చేవాడు. దినానికొకసారన్నా పట్టించుకోకుంటే ఏది మాత్రం నడుస్తాది?" అన్నాడు. తర్వాత సిమ్ము వాచీని రెండు వేళ్ళతో వేలాడదీసి కణుపుతో కొట్టాడు. అది టప్పుమంది.

"పలకలేదు. వద్దు."

శ్రీదేవి ఊరుకోలేదు. పది రోజులు వాడి చూసి నచ్చకపోతే తిరిగి తీసుకునేలా హరికృష్ణను ఒప్పించి, తండ్రి చేతికి ఆ వాచీ కట్టింది. "పది రోజులు పెట్టుకో నాయనా. అప్పటికీ వద్దంటే తిరిగి ఇచ్చేద్దాం. ఇచ్చిన దినమే నువ్వు గిద్దలూరు బస్సెక్కాల" అంది. సురేష్ ఆ వాచీ అద్దం మీద శ్రీదేవి పేరు పెద్దగా పెట్టి, దాని మీద వేలు తగిలితే చాలు ఫోను కలిసేలా చేశాడు. మోగితే ఊరుకునేది లేదని మామ పట్టుబట్టాడు కాబట్టి నేను దాని శబ్దం తీసేశాను.

సురేష్ చేసింది ఎంత పెద్ద పొరపాటో సాయంత్రానికే తెలిసింది. మామ నమ్మకం కుదరక గంటకో రెండు గంటలకో ఒకసారి వాచీని కొట్టి చూసేవాడు. కొట్టినప్పుడల్లా గిద్దలూరులో ఫోను మోగేది.

"నాయనా, ఏమైంది?"

"ఏం కాలా. పలుకుతాదేమోనని కొట్టినా."

"మరి పలికినాదా?"

"అది పలకలా. నువ్వు పలికినావు."

రోజుకు ఎనిమిదిసార్లు ఇదే వరస. శ్రీదేవి తనంతట తాను ఫోను చేయాల్సిన అవసరమే రాలేదు.

నాలుగో రోజు ఆమె నాకు ఫోను చేసింది. ఆ వాచీ మనిషి ఎక్కడున్నాడో కూతురి ఫోనులో పటం మీద చూపిస్తుంది.

"బావా, నాయన పొద్దున్నే నడవట్లేదు. పదకొండు చోట్ల ఆగుతుండాడు. ఒక్కో చోట నిమిషం, రెండు నిమిషాలు. రోజూ అవే చోట్లు!"

"ఆగితే ఏందమ్మా?"

"పదకొండు చోట్ల ఏముంటాది బావా? బజ్జీల బండ్లే! షుగరు మనిషి! రేపు నువ్వు వెనకాల పోయి పట్టుకో."

నాకు తహసీల్దారు ఆఫీసు ఎదురుగా జిరాక్సు షాపుంది. అది పది గంటలకు తెరుస్తాను కాబట్టి ఎనిమిదికి లేస్తాను. మరదలి మాట కాదనలేక మరునాడు ఐదింటికి లేచి, చెంబెడు నీళ్ళు మొహాన కొట్టుకుని, మామ వెనక దొంగలా బయలుదేరాను.

మామ మొదట ఏసురత్నం ఇంటి ముందు ఆగాడు. బజ్జీలూ లేవు, బండీ లేదు. తలుపు చెక్క మీద కణుపుతో మూడు దెబ్బలు కొట్టి చెవి ఆనించాడు. లోపల దగ్గు వినిపించింది, తర్వాత మంచం పట్టె మీద టకటకా రెండు దెబ్బలు. మామ తల ఊపి ముందుకు నడిచాడు. తర్వాత పాపమ్మ ఇల్లు. లోపలి నుంచి గ్లాసు మీద చెంచా చప్పుడు. జ్ఞానయ్య ఇంటి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు, చివరికి సన్నగా ఏదో వినపడింది కాబోలు, కదిలాడు. తిమోతి ఇంటి దగ్గర మాత్రం దెబ్బకు బదులు తిట్టు వచ్చింది. "ఇంకా బతికే ఉండా, పోవయ్యా!" మామ దానికీ తల ఊపాడు.

ఏడో ఇంటి దగ్గర నేను గోడ చాటున నక్కాను. అది మా ఇల్లే. మా అమ్మ సౌభాగ్యమ్మ పడుకునే ముందుగది కిటికీ కింద మామ మూడు దెబ్బలు కొట్టాడు. లోపలి నుంచి గరిటెతో గోడ మీద రెండు దెబ్బలు. ఆరేళ్ళుగా నా తెల్లవారుజాము నిద్ర పాడుచేస్తున్న చప్పుడు అదే. మామకు పిచ్చి ముదిరిందనీ, అమ్మ పెందరాళే వంటకు దిగుతుందనీ అనుకుని దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి.

"చెప్పులు కిర్రుమంటుండాయి. బయటికి రా అల్లుడా" అన్నాడు మామ, వెనక్కి తిరగకుండానే.

"ఏంది మామా ఇది?"

"వీళ్ళంతా మా ఫ్యాక్టరీవాళ్ళు. పలకదుమ్ము పీల్చిన రొమ్ములు. ఆరేళ్ళ కింద మా కోటేశ్వరరావు పోతే పక్క వీధిలో ఉండి కూడా మాకు రెండు దినాలకు తెలిసినాది. అప్పటి నుంచి కొడుతుండా."

"ఫోను చేసి అడగొచ్చు గదా?"

"ఫోను చేస్తే ఏమంటారు? బాగుండామంటారు. నోరు అబద్ధం ఆడతాది అల్లుడా, దెబ్బ ఆడదు. నిన్నటికన్నా ఇయ్యాల బొద్దుగా పలికితే ఆ పూట పోయి కూచుంటా, అవసరమైతే డాక్టరును పిలుస్తా. జ్ఞానయ్య వేలిలో సత్తువ లేదు. జేబులో ఫోను మోగితే ఆయన పలికేది నాకు వినపడదు."

"మరి మా అమ్మను ఎందుకు? ఇంట్లో నేనుండా గదా!"

"నువ్వు ఎనిమిదికి లేస్తావు. ఆమె నాలుగుకు లేస్తాది. నడిమిన నాలుగు గంటలు ఆమె ఒక్కతే గదరా."

నాకు సిగ్గేసింది, ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టింది. గిద్దలూరు మేడ మీద నడవమంటే ఈ మనిషి ఎందుకు నోరు మూసుకున్నాడో అప్పటికి అర్థమైంది. ఉండబట్టలేక అడిగాను.

"మరి నీ తలుపు ఎవరు కొడతారు మామా?"

మామ నవ్వబోయాడు. "నేను తిరుగుతానే ఉండా గదా, నాకెందుకు..." అంటూ ఉన్నట్టుండి ఎగిరిపడి ఎడమచెయ్యి పట్టుకున్నాడు. గుండెపోటేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"అల్లుడా! ఇది నన్ను కొట్టినాది!"

"ఏది?"

"వాచీ! మళ్ళీ కొట్టినాది! చప్పుడు లేదు, లోపల్నుంచి టకటకా కణుపుతో కొట్టినట్టే!"

బజ్జీల సంగతి తేలేదాకా ఆగలేక శ్రీదేవి ఫోను చేస్తోంది. శబ్దం తీసేశాను కదా, అది మణికట్టు మీద అదురుతోంది.

"నీ కూతురు తలుపు కొడుతుండాది మామా. పలుకు" అన్నాను.

మామ ఎంతో మర్యాదగా, కణుపుతో అద్దం మీద కొట్టాడు.

"నాయనా! యాడుండావు?"

"పలికినా గదమ్మా. ఇంక పెట్టేయి. నాలుగిండ్లు ఉండాయి" అన్నాడు. గొంతు కొంచెం బొద్దుగానే పలికింది. నేను విననట్టు ఊరుకున్నాను.

నేను సంగతంతా చెప్పాక శ్రీదేవి మేడ మీద గదికి తాళం వేసింది. ఇప్పుడు రోజూ ఐదుంబావుకు గిద్దలూరు నుంచి ఆమె కొడుతుంది, మార్కాపురంలో ఆయన పలుకుతాడు. పదో రోజు హరికృష్ణ వచ్చి "వాచీ ఉంచుకుంటారా పెద్దాయనా, తిరిగి ఇస్తారా?" అని అడిగితే, "పలకదు గానీ పలికిస్తాది. ఉండనీ" అన్నాడు.

మొన్న ఒకరోజు మామ వచ్చే వేళకు అమ్మ పెరట్లో పొయ్యి మీద నీళ్ళు కాచుకుంటోంది. నాకెందుకో అప్పటికే మెలకువ వచ్చింది కాబట్టి ఆయన కంగారు పడకూడదని నేనే గరిటె అందుకుని గోడ మీద టకటకా రెండు కొట్టాను.

"ఇది సౌభాగ్యమ్మ కాదే" అని కిటికీ కింద నుంచి గొంతు వినిపించింది. "బొద్దుమంటుండాది. ఎనిమిదో ఎక్కం రానోడెవడో కొట్టినాడు."