సరోజను అడగని ప్రశ్న

ఒక పిల్ల వినికిడి, మూడేళ్ల బడి, హైస్కూల్లో ఒక సీటు, పక్కన కూర్చునే స్నేహితురాలు. పోయినవి ఇవి. ఈ సంగతి 1971లో గోదావరిఖనిలో, గని కార్మికుల కాలనీ బడిలో మొదలైంది. అక్కడ నేను లెక్కల పంతులును. నేను బడిలో చదివింది నాలుగో తరగతి వరకే. గనిపైన టబ్బులు, అంటే బొగ్గు మోసే ఇనుప తొట్లు, లెక్కపెట్టే పనిలో ఉండి గణితం సొంతంగా నేర్చుకున్నాను. టీచర్లు దొరక్క ఆ బడి నన్ను పెట్టుకుంది.

సరోజకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆరో ఏట జ్వరమొచ్చి చెవులు పూర్తిగా పోయాయి. తర్వాత ఏ బడీ చేర్చుకోలేదు. గనిలో పనిచేసే తండ్రి మల్లయ్య మా బడికి తీసుకొచ్చాడు. రెండో తరగతిలో రఫియా పక్కన కూర్చోబెట్టాను.

"నా పక్కకేంది సార్? దీనికి చెప్పి చెప్పి నా గొంతు పోతది" అంది రఫియా. తరగతంతా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా సరోజ కూడా నవ్వింది.

కొన్నాళ్లకు, మిగతావాళ్లు ఇంకా పలకల మీద ఎక్కించుకోకముందే, బోర్డు మీది లెక్కను సరోజ తుడిచేయబోయింది. పిల్లలు ఎంత అరిచినా లాభం లేకపోయింది. రఫియా ముందుకు ఉరికి పలకను అడ్డంగా ఊపింది. సరోజ చెయ్యి ఆగింది.

గనిలో యంత్రాల మోతకు మాట వినపడదు. కార్మికులు టోపీకున్న క్యాప్ ల్యాంపుతో సైగ చేసుకుంటారు. దీపాన్ని అడ్డంగా ఊపితే ఆగమని, నిలువుగా ఊపితే రమ్మని. మా పిల్లలందరూ ఆ తండ్రుల బిడ్డలే, ఇంటి ముందు ఆడుకునేది ఆ ఆటే. సరోజకూ అది తెలుసు. ఆ రోజు నుంచి కూడికకు, తీసివేతకు, మాటలకు కూడా పిల్లలే సైగలు కల్పించుకున్నారు. నేను బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానుకున్నాను. అయిదో తరగతికి వచ్చేసరికి రఫియా గొంతు మాత్రం భద్రంగానే ఉంది.

1975లో హైస్కూలు ప్రవేశ పరీక్ష వచ్చింది. మొత్తం యాభై మార్కులు: లెక్కలకు ముప్ఫై, డిక్టేషన్‌కు, అంటే టీచరు చదువుతుంటే విని రాయడానికి, ఇరవై. సీటుకు ముప్ఫై అయిదు రావాలి. నేను ముందుగా వెళ్లి ఆ హైస్కూలు హెడ్మాస్టరును కలిశాను.

"రఫియా సైగలతో చెప్తుంది, సరోజ రాస్తుంది. కాదంటే ఇరవై మార్కులకు వేరే ప్రశ్న ఇవ్వండి" అన్నాను.

ఆయన చెడ్డవాడు కాదు. "సైగలంటే కాపీ కింద లెక్క, పంతులుగారూ. వేరే ప్రశ్న ఇచ్చే అధికారం నాకు లేదు. పైకి రాస్తాను" అన్నాడు. పరీక్ష నాటికి పైనుంచి ఏ జవాబూ రాలేదు.

డిక్టేషన్ చదివే టీచరు బల్లల మధ్య తిరుగుతూ చదివాడు. సరోజ ఆయన వీపు చూస్తూ కూర్చుంది. లెక్కల్లో ముప్ఫైకి ముప్ఫై, డిక్టేషన్‌లో సున్న. రఫియాకు సీటొచ్చింది.

మొదటి షిఫ్టు దిగి, బొగ్గు మసి కడుక్కోకుండానే మల్లయ్య నా దగ్గరికి వచ్చాడు.

"ఇరవైకి ఇరవై తప్పు రాసిందా సార్?"

"ఏమీ రాయలేదు మల్లయ్యా. ఆమెకు వినపడదు కదా."

"అంటే అడగనే లేదన్నట్టు. అడగకుంట సున్న ఎట్ల ఏస్తరు సార్?"

బడి ఆగిపోయి సరోజ బట్టలు కుట్టడం నేర్చుకుంది. కొలతల్లో ఎప్పుడూ పొరపాటు పడదని కాలనీలో పేరు. ఆ తర్వాత నా తరగతిలో ఏ పిల్లకైనా సున్న వేసే ముందు, ప్రశ్న ఆ పిల్లదాకా చేరిందా లేదా అని చూసుకోవడం అలవాటైంది. చేరలేదని తెలిస్తే, చేరేలా మళ్లీ అడిగేవాణ్ని.

సరోజను మాత్రం ఎవరూ మళ్లీ అడగలేదు. ఇరవై మార్కులు ఆమెకు నేటికీ బాకీ.