సూర్యుడికి అడుగంటిన పరమాన్నం

డెబ్బైల చివర్లో మాట. మా ఆడపడుచు భిలాయిలోనే పుట్టింది. తనకు తెలుగు కన్నా హిందీ బాగా వచ్చు, ఆ రెండిటి కన్నా ఫిజిక్సు బాగా వచ్చు. నలుగురి ముందు నిలబెడితే మాత్రం ఏదీ రాదు. ఎమ్మెస్సీలో మొదటి సెమినార్‌కి సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గర కాసేపు నిలబడి, అలాగే తిరిగొచ్చేసిందట. ఈసారీ ఇంతే అయితే చదువు మానేస్తానని ఇంట్లో ప్రకటించింది. ఆ రెండో సెమినార్ రథసప్తమి మర్నాడు పడింది. నక్షత్రాల లోపలి కదలికల గురించి చెప్పాలి.

నేను బడికి వెళ్ళలేదు. మా నాన్నగారు ఇంట్లోనే నేర్పారు. ఆయన చలవ వల్ల చదవడం, రాయడం, తెలియనిది అడగడం వచ్చాయి.

"నీకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతాది వదినా, ముందు నీకే చెప్తాను" అంది. పొగడ్తగానే తీసుకున్నాను.

రథసప్తమి పొద్దున క్వార్టర్ పెరట్లో, పక్కనున్న ఖుర్సీపార్ బస్తీ నుంచి తెప్పించిన పిడకల మీద పాలు పొంగించి బియ్యం వేశాను. తను పీట వేసుకుని మొదలుపెట్టింది.

"అడుగున వేడెక్కిన పాలు పైకొస్తన్నాయి, పైన చల్లారినవి కిందికి పోతన్నాయి. సూర్యుడి పైభాగమంతా ఇదే పని."

"మరి లోపల?"

"లోపల కలవదు. నడిమధ్యన హైడ్రోజన్ హీలియంగా మారి అక్కడే పేరుకుపోతాది. పైనున్న హైడ్రోజన్ అక్కడికి దిగదు. పైన బోల్డంత ఉన్నా మధ్యలోది ఐపోతాది."

"అయ్యో, కలిపేవాళ్ళు లేరా?" గరిటె పట్టుకునే అడిగాను.

"ఎవరున్నారు? చిన్న ఎర్ర నక్షత్రాలైతే అడుగు నుంచి పైదాకా వాటికవే కలుపుకుంటాయి. ఉన్నదంతా వాడుకుంటాయి. అందుకే సూర్యుడి కన్నా ఎక్కువ కాలం బతుకుతాయి."

రోజూ దణ్ణం పెట్టుకునే స్వామి. నాకు దిగులేసింది.

"ఫికర్ చెయ్యకు, ఇంకా వందల కోట్ల ఏళ్ళుంటాడు" అంది.

ఇంతలో మాడు వాసన వచ్చింది. నైవేద్యం రుచే కాదు, వాసన కూడా చూడకూడదని మా అత్తగారి నియమం. పైగా గాలి ఉక్కు ప్లాంటు వైపు నుంచి వీస్తే మాకు రోజూ ఏదో ఒకటి మాడిన వాసనే. ఇద్దరం ప్లాంటే అనుకున్నాం.

అత్తగారు వచ్చి నా చేతిలో గరిటె తీసుకుని గిన్నె అడుగుదాకా దించారు. పైన తెల్లటి పరమాన్నం, దాని కింద నుంచి నల్లటి చెక్కు.

"గరిటె సేతిలో ఎట్టుకుని ఏటి సేస్తన్నావే?"

"సూర్యుడి గురించి వింటున్నానండీ."

"ఆయన గురించి ఇంటా ఆయన తిండి మాడ్సినావా?"

ఆడపడుచు గిన్నెలోకి వంగి చూసింది. "అమ్మా, ఇదే! కలపకపోతే అడుగున ఐపోనాది, పైన మిగిలిపోనాది. నా సెమినార్ ఇదే!"

"ఐతే నువ్వే తిను" అన్నారు అత్తగారు.

పైది తేర్చి చిక్కుడాకుల్లో నివేదించాం. స్వామి ఏమీ అనలేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి తిని, "ఇంట్లోనూ ఇదే వాసనా?" అన్నారు.

గిన్నె తోమొద్దని ఆడపడుచు బతిమాలింది. మర్నాడు దాన్ని సంచిలో పెట్టుకుని కాలేజీకి వెళ్ళింది. సాయంత్రం దాకా నేను ఏ పని చేస్తున్నా మనసులో ఆదిత్యుణ్ణే తలుచుకున్నాను.

వచ్చి గిన్నె నా చేతికిచ్చింది.

"మాట్లాడావా?"

"మేష్టారు 'చాలు, కూర్చో' అనేదాకా."

కాలేజీకి వెళ్ళొచ్చిన గిన్నె పూజకు పనికిరాదన్నారు అత్తగారు. స్వామికి దణ్ణం పెట్టుకుని, బూడిద వేసి తోమి, పప్పుకి వాడుకున్నాను. మరుసటి రథసప్తమికి కొత్త గిన్నె తెచ్చాం. ఆడపడుచు పాఠం చెప్పింది, అత్తగారు గరిటె తిప్పారు.