పిప్పి అన్న ఒక్క మాట

అనకాపల్లిలో ఒక పళ్ళ డాక్టరుగారి చూపుడువేలి మీద పెద్ద మచ్చ ఉంది. దానికి కారకుణ్ణి నేనే. కరిచింది మాత్రం నేను కాదు. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నాకు మాత్రం ఇప్పటికీ రాదు.

సెల్‌ఫోన్లు కొత్తగా చేతికొస్తున్న రోజులవి. విశాఖలో ఎవరో హిప్నాటిజం క్లాసులు పెడితే వెళ్ళి నేర్చుకొచ్చాను. మా ఆవిడ మీద ప్రయోగిస్తే కుక్కర్ విజిల్‌కి లేచి వంటింట్లోకి పోయింది. ఇంకెవరు దొరుకుతారా అని చూస్తుండగా మా అక్క భర్త అప్పలనాయుడు బావ చీడికాడ నుంచి చెంప పట్టుకుని బస్సు దిగాడు. పిప్పి పన్ను. బుగ్గ బెల్లం దిమ్మలా వాచింది. చెరకు గానుగ ఆడే రోజుల్లో మనిషి గంజి కూడా మింగలేక సగమైపోయాడు.

"ఇంజక్షన్ చేయించుకుని పీకించేసుకో బావా" అన్నాను.

"సూది మాటెత్తకురా సూరీ. మా అయ్య సూది ఏయించుకొచ్చిన రోజే పోనాడు. నాను సత్తే మీ అక్కా పిల్లలూ ఏటైపోతారు?"

వాళ్ళ అయ్యను తీసుకుపోయింది విషజ్వరం. బావకు గుర్తున్నది సూది ఒక్కటే. అంత మనిషి కళ్ళలో నీళ్ళు చూసి ఉండబట్టలేక భుజం మీద చెయ్యి వేశాను.

"సూది అక్కర్లేదు. నా మాటతోనే నొప్పి తెలియకుండా చేస్తాను. నన్ను నమ్ము."

"నిజవేనేటి?" అన్నాడు. నమ్మాడు. కొంప మునిగింది అక్కడే.

డాక్టరుగారు మంచివారు. నా హిప్నాటిజం సంగతి చెబితే కాదనలేదు. "ముందు పన్ను కదిపి చూస్తాను, నొప్పంటే ఆపేద్దాం" అన్నారు. బావ కుర్చీలో వాలాడు. నేను గొంతు తగ్గించి మొదలుపెట్టాను.

"కళ్ళు మూసుకో బావా. నీ చెరకు తోటలో కూర్చున్నావు. చల్లగాలి వీస్తోంది."

బావ ముఖం తేటపడింది. ఊపిరి నెమ్మదించింది. డాక్టరుగారు నా వైపు మెచ్చుకోలుగా చూసి నోట్లో వేలు పెట్టారు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే నేనివాళ మర్యాదస్తుణ్ణే.

"ఇప్పుడు నీ నోట్లో పిప్పి ఉంది బావా. మనసంతా ఆ పిప్పి మీదే పెట్టు."

నేనన్నది పిప్పి పన్ను గురించి. చెరకు తోటలో కూర్చోబెట్టి పిప్పి అంటే మా వైపు రైతుకు ఏం తోస్తుందో మీరే చెప్పండి. బావ కసక్కున నమిలాడు.

డాక్టరుగారి కేక గవరపాలెం దాకా వినబడి ఉంటుంది. "వదలమనండి!"

"బావా, వదులు!"

"ఇంకా రసం ఉందిరా" అన్నాడు బావ, పళ్ళు విప్పకుండానే.

"ఉమ్మేయ్ బావా, పిప్పి ఉమ్మేయ్!"

ఉమ్మేశాడు, డాక్టరుగారి వేలిని. అంత కొరికినా బావకు నొప్పి తెలియలేదట. అంటే నా విద్య పనిచేసింది. మెచ్చుకునే తీరికే ఎవరికీ లేకపోయింది.

నర్సు వచ్చి డాక్టరుగారికి ఇంజక్షన్ చేయాలంది. "తర్వాత చూద్దాంలే" అన్నారాయన, ముఖం పాలిపోయి. పళ్ళ డాక్టరుకీ సూదంటే భయమే! బావ సిగ్గుతో చచ్చిపోతూ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నాను సేసిన పాపం బాబూ. కళ్ళు మూసుకోండి, నాను పట్టుకుంతాను."

సూది పడింది. బావ ఆయన ముఖంలోకే చాలాసేపు చూశాడు.

"ఏటీ అవనేదా బాబూ?"

"ఏమీ కాలేదు నాయుడుగారూ. కాస్త మంట, అంతే."

బావ మెల్లగా వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"అయితే నాకూ ఏసీండి. ముందు మా సూరిగాణ్ణి బయటకి పంపీండి."

తలుపు బయట బెంచీ మీద కూర్చుని, లోపల బావ బతికి బయటపడాలని దండం పెట్టుకుంటూ ప్రమాణం చేశాను. నోరు తెరిచి ఉన్న మనిషి ముందు, అందునా చెరకు పండించే మనిషి ముందు, ఈ జన్మలో పిప్పి అన్న మాట ఎత్తను.