మడ్‌గార్డులున్న పందెం కారు

పొద్దున్న టీ తాగుతుండగా మా అమ్మాయి పుణె నుంచి ఫోనుకి మూడు బొమ్మలు పంపింది. మూడు వేరువేరు కంపెనీలు రాబోయే ఏళ్ల కోసం ఊహించి గీయించిన పందెం కార్లట. చక్రాల మీద ఏ కప్పూ లేకుండా, నడుమ ఒక్క మనిషి మాత్రమే కూర్చునే రకం. రంగులు తీసేస్తే మూడూ ఒక తల్లి బిడ్డల్లాగే ఉన్నాయి. ఎవరు ఎవరిని చూసి గీశారని బొమ్మల కింద కామెంట్లలో జనం కొట్టుకు చస్తున్నారు. నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. చూస్తుంటే మా బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా ఆవిడకి అన్నగారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ ఓడల డాకులో వడ్రంగిగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడుంటున్న భవానీపూర్ రాకముందు మేం సంత్రాగాఛి రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఆదివారం వచ్చిందంటే బస్సెక్కి అక్కడికి వచ్చేసేవాడు. సంచిలో చెల్లెలికి ఇలిష్ చేప, మేనకోడలికి సందేశ్ మిఠాయి, తన కోసం ఒక ఉలి ఉండేవి. మా ఇంట్లో ఏదో ఒక తలుపు బిగుసుకునే ఉంటుందని ఆయన నమ్మకం. బిగుసుకోకపోయినా చెక్కేవాడు. ఆయన బాగుచేసిన వంటింటి తలుపు మేం క్వార్టర్ వదిలేదాకా చిన్న గాలికే దానంతటదే తెరుచుకునేది. మా ఆవిడ మాత్రం అన్నగారి పనితనాన్ని పల్లెత్తు మాట అననిచ్చేది కాదు.

మూడేళ్ల కిందట, అమ్మాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండగా, కాలేజీల మధ్య ఒక పోటీ వచ్చింది. కారు తయారు చెయ్యక్కర్లేదు. ఇలాంటి పందెం కారుకి ఒక కొత్త ఊహ గీసి, చిన్న కర్ర నమూనా పెట్టి, మార్కులేసే పెద్దల ముందు నిలబడి వివరించాలి. పిల్ల మూడు నెలలు గీసింది. నమూనా చెక్కే పని మావయ్యకి అప్పజెప్పింది. ఇంకా వారం ఉందనగా వేరే కాలేజీ వాళ్ల బొమ్మ ఫోన్లలో తిరుగుతూ దీని కంటబడింది. అదే సన్నటి ముక్కు, అదే నొక్కిన నడుము, డ్రైవరు తల వెనక అదే మూపు. అన్నం ముందు కూర్చున్నదల్లా లేచి వెళ్లిపోయింది. అందరూ నేను కాపీ కొట్టానంటారు, పేరు వెనక్కి తీసేసుకుంటానంది. నేను ముప్ఫై ఏళ్లు రైల్వే ఆఫీసులో ఫైళ్ల మధ్య బతికినవాణ్ణి. ఎవరూ మనల్ని వేలెత్తి చూపకుండా సాయంత్రం ఇల్లు చేరితే అదే గెలుపనుకునే జాతి. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారమ్మా, తీసేసుకో అన్నాను. అని, నా బాధ్యత తీరిపోయినట్టు పేపరు చదువుకున్నాను కూడా.

రెండు రోజులకి ఆదివారం వచ్చింది, బావా వచ్చాడు. నమూనాని గమ్ఛా తువ్వాలులో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తెచ్చాడు. విప్పితే కర్ర ఎంత నునుపుగా ఉందో చెప్పలేను. కానీ నాలుగు చక్రాల మీదా నాలుగు మడ్‌గార్డులున్నాయి. డ్రాయింగులో అవి లేవు. మేనకోడలు మరిచిపోయిందనుకుని, దాని పరువు కాపాడదామని తనే చెక్కి అతికించాడు.

"వానాకాలంలో మా ఖిదిర్‌పూర్ రోడ్డు మీద ఎల్తే నీ డ్రైవరు మొకం ఏటవుతాది? బురదే గదా" అని నిదానంగా వివరించాడు.

ఏడ్చి ఉబ్బిన కళ్లతోనే పిల్ల పకపకా నవ్వింది. నవ్వి, చక్రాలు ఎందుకు కప్పకూడదో చెప్పింది. అది పోటీ నియమం. బావ అంతటితో వదలలేదు. ఉప్పు కాగితంతో ఒక పక్క రుద్దుతూనే ఒక్కొక్కటీ అడిగాడు. ముక్కు సన్నంగా ఎందుకు? గాలిని చీల్చడానికి. నడుము ఎందుకు నొక్కావు? ఆ గాలి వెనక్కి సాఫీగా పోవడానికి. తల వెనక మూపెందుకు? కారు బోల్తాపడితే తల నలగకుండా. చెబుతూ చెబుతూ అసలు సంగతి కూడా చెప్పేసి, అవతలి వాళ్ల బొమ్మ చూపించింది. బావ ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఆ పిల్లలకీ ఇయే రూల్సా?"

"ఇవే మావయ్యా."

"గాలీ ఇదే. మరింకేటి? డాకులో ఒకే కొలతలిచ్చి పెట్టెలు సెయ్యమంటే నలుగురం నాలుగు మూలల కూకుని సేసీవోళ్లం. నాలుగూ ఒకేలాగొచ్చీవి. ఎవుడూ ఎవుణ్ణీ దొంగనలేదు. తేడా వస్తేనే మా పెద్ద మిస్త్రీ దాదా తిట్టీవాడు." ఫోను తిరిగిచ్చేసి అన్నాడు. "ఎవుడూ సెప్పకుండా నీ అంతట నువ్వెట్టింది ఏదో, అది సూపించు."

పిల్ల ఆలోచించింది. ఈ కారు నడుపుతున్నట్టు తను ఊహించుకున్న స్నేహితురాలు బాగా పొట్టిది. లోపలికి ఎక్కేటప్పుడు కాలు ఆనుతుందని సీటు పక్కన చిన్న గాడి గీసింది. అవతలి బొమ్మలో అది లేదు. బావ తను చెక్కిన ఆ గాడిని వేలితో తడిమి, "ఇది నీది. ఇంక లెగు, అన్నం తిను" అన్నాడు. తర్వాత మడ్‌గార్డులు నాలుగూ తనే ఉలితో ఊడదీశాడు. తీస్తున్నంతసేపూ బురద గురించి గొణుగుతూనే ఉన్నాడు.

అమ్మాయి పోటీకి వెళ్లింది. పెద్దలు ఆ పోలిక గురించే అడిగారట. తను గీసి వద్దనుకున్న చిత్తుబొమ్మల పుస్తకం తెరిచి, ఏ గీత ఏ నియమం వల్ల వచ్చిందో, ఏది తన సొంతమో చెప్పుకొచ్చిందట. బహుమతి రాలేదు. కానీ హౌరా స్టేషన్లో రైలు దిగి తలెత్తుకుని నా వైపు నడిచొస్తుంటే ఆ నడక చూసి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. నా మాట విని ఉంటే ఆ పిల్ల జీవితమంతా తలొంచుకుని నడిచేది.

నేనిచ్చిన సలహా సంగతి బావకి తెలుసు, మా ఆవిడ చెప్పేసింది. ఆయన ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నా కూతురికి నేనివ్వాల్సిన ధైర్యం నువ్విచ్చావు బావా, తప్పు నాది అని చెప్పాలని ఆయన వచ్చినప్పుడల్లా అనుకునేవాణ్ణి. చేప ఎలాగుందని ఆయన అడిగేవాడు, నేను చేప గురించే చెప్పేవాణ్ణి. పోయిన చలికాలంలో బావ పోయాడు. అర నిమిషం పట్టే మాట అది. రెండేళ్లకి పైగా వారం వారం ఎదురెదురుగా కూర్చుని కూడా ఆ అర నిమిషం నాకు కుదరలేదు.